ఉమ్మడి కరెన్సీ నుంచి ఒక దేశాన్ని గెంటేయవచ్చా? తనంతట తాను వెళ్లిపోవచ్చా?

మాధవి_ఎ
రెండు రోజులుగా ఇంట్లో ఒకటే వాదన. అప్పు కట్టని దేశాన్ని యూరో నుంచి తీసేస్తారని మా బావగారు అంటారు, క్లబ్బులో చందా కట్టని సభ్యుణ్ని తీసేసినట్టే అని. అలా తీసేసే నిబంధనే ఉంటే అప్పులు కట్టలేక చిక్కుల్లో పడ్డ గ్రీసును 2015లో తీసేసేవారు కదా అని నా వాదన. ఆయన వినరు. రెండు ప్రశ్నలకూ విడివిడిగా జవాబు కావాలి. ఒకటి బయటకు పంపడం, రెండోది తనంతట తాను వెళ్లడం. ఒప్పందంలో ఏముందో చదివినవారు చెబితే మేలు. పందెం ఏమీ లేదు, పరువు మాత్రమే.

అధికరణం
మాధవి గారూ, ముందు కాగితం మీద ఉన్నది చెబుతాను.

బయటకు పంపడానికి దారి లేదు. యూరో నుంచి గానీ, యూరోపియన్ యూనియన్ నుంచి గానీ సభ్యదేశాన్ని బహిష్కరించే అధికరణం ఒప్పందాల్లో ఎక్కడా కనిపించదు. 7వ అధికరణం కింద ఓటు హక్కుతో సహా కొన్ని హక్కులను నిలిపివేయవచ్చు. అదీ ప్రజాస్వామ్యం, చట్టబద్ధ పాలన వంటి మూల విలువలను తీవ్రంగా ఉల్లంఘించినప్పుడే. బాకీ పడటం దాని కిందకు రాదు.

తనంతట తాను వెళ్లడం సంగతి ఇంకొంచెం చిక్కు. 2009 డిసెంబరు 1న లిస్బన్ ఒప్పందం అమల్లోకి రావడంతో 50వ అధికరణం వచ్చింది. దాని ప్రకారం యూనియన్ మొత్తాన్ని వదిలి వెళ్లవచ్చు. బ్రిటన్ వాడుకున్నది అదే, కానీ బ్రిటన్ ఏనాడూ యూరోలో లేదు కాబట్టి మన ప్రశ్నకు ఆ ఉదాహరణ పనికిరాదు. యూనియన్‌లో ఉంటూ యూరోను మాత్రం వదిలే దారి రాయలేదు. మరచిపోయి వదిలేశారనుకోకండి. యూరో వైపు నడక వెనక్కి తిప్పలేనిదని, యూరోకు పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందానికి జోడించిన ప్రోటోకాల్‌లోనే రాసుకున్నారు. పాత కరెన్సీలకు యూరోతో మారకపు రేటును ఇక మార్చడానికి వీల్లేకుండా ఖరారు చేస్తామన్నారు.

2009 డిసెంబరులోనే యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు (ఈసీబీ) ఇదే విషయం మీద ఒక న్యాయ పరిశోధన పత్రం ప్రచురించింది. యూనియన్‌ను వదలకుండా యూరోను ఏకపక్షంగా వదలడం చట్టపరంగా ఊహకు అందదనీ, బహిష్కరణ దాదాపు అసాధ్యమనీ దాని సారాంశం. మీ బావగారికి ఇది చూపించండి.

నిప్పురవ్వ
ఒప్పందంలో రాయలేదు కనుక జరగదనడం పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమే. సార్వభౌమ దేశం రేపు పార్లమెంటులో చట్టం చేసి "ఇవాళ్టి నుంచి జీతాలు, పన్నులు, పింఛన్లు కొత్త కరెన్సీలో" అంటే ఆపేది ఎవరు? పోలీసులను పంపుతారా? న్యాయస్థానం తీర్పు ఇస్తుంది, జరిమానా వేస్తుంది. ఆ జరిమానా ఏ కరెన్సీలో కట్టాలో అప్పుడు చూసుకోవచ్చు.

అధికరణం
సార్వభౌమాధికారం మాట ఒప్పుకుంటాను. అంతర్జాతీయ చట్టంలోనూ దానికి కొంత చోటు ఉంది. వైదొలిగే నిబంధన లేని ఒప్పందం నుంచి సాధారణంగా వైదొలగలేరని, దేశాల మధ్య ఒప్పందాలకు నియమాలు చెప్పే వియన్నా ఒడంబడిక 56వ అధికరణం చెబుతుంది. ఒప్పందం స్వభావాన్ని బట్టి ఆ హక్కు ఉందని నిరూపించగలిగితే మాత్రం 12 నెలల ముందస్తు నోటీసు ఇచ్చి వెళ్లవచ్చు. "వెనక్కి తిప్పలేనిది" అని స్వయంగా సంతకం పెట్టిన దేశం ఆ వాదన గెలవడం కష్టం. సరే, గెలిచిందనే అనుకుందాం. ఆ 12 నెలలూ బ్యాంకుల ముందు జనం ఏం చేస్తారో ఊహించండి.

వడ్డీ లెక్క
అధికరణం గారు చివరి వాక్యంలో తేల్చి వదిలేసిన దగ్గరే అసలు కథ మొదలవుతుంది. నేను బ్యాంకు ట్రెజరీలో పని చేసి విరమించినవాణ్ని. నాకు ఒప్పందాల కన్నా కుళాయిలు బాగా తెలుసు.

యూరో వాడే దేశంలో బ్యాంకుకు రోజువారీ నగదు ఎక్కడి నుంచి వస్తుంది? తన దగ్గరున్న బాండ్లను తాకట్టు పెట్టి కేంద్ర బ్యాంకు దగ్గర తెచ్చుకుంటుంది. ఆ తాకట్టు పనికిరాదని ఈసీబీ అంటే మిగిలేది అత్యవసర నగదు సహాయం. దాన్ని ఇచ్చేది ఆ దేశపు సొంత కేంద్ర బ్యాంకే, నష్టభయమూ దానిదే. కానీ ఈసీబీ పాలకమండలి మూడింట రెండు వంతుల ఓట్లతో ఆ సహాయాన్ని ఆపవచ్చు, లేదా పరిమితి పెట్టవచ్చు. బహిష్కరణకు ఓటింగు లేదు కానీ దీనికి ఉంది.

2013 మార్చి 21న సైప్రస్ విషయంలో ఈసీబీ ఒక చిన్న ప్రకటన చేసింది. సోమవారం, అంటే 25వ తేదీ వరకే అత్యవసర సహాయం ఉంటుంది, ఆ తర్వాత కావాలంటే బ్యాంకులు నిలబడేలా సహాయ కార్యక్రమం కుదరాలి అని. అంతకు రెండు రోజుల ముందే ఆ దేశ పార్లమెంటు మొదటి ప్రతిపాదనను తిరస్కరించింది. ఈ ప్రకటన వచ్చాక ఆదివారం రాత్రికల్లా కొత్త ఒప్పందం కుదిరింది. అతి పెద్ద బ్యాంకులో లక్ష యూరోలకు మించి దాచుకున్నవారి మిగులు సొమ్ములో చివరికి 47.5 శాతం బ్యాంకు వాటాలుగా మారిపోయింది. యూరో నుంచి ఎవరూ గెంటలేదు. కుళాయి మీద చెయ్యి వేశారు, అంతే.

మాధవి_ఎ
అయితే మా బావగారిదే పైచెయ్యి అంటారా? ఈ పోస్టు ఆయన కంట పడకుండా చూడాలి.

పాత నోట్ల పెట్టె
తొందరపడకండి అమ్మా. యూరో ఒక్కటే ఉమ్మడి కరెన్సీ కాదు, మొదటిదీ కాదు. నాకు పాత నోట్లు పోగేసే పిచ్చి ఉంది కాబట్టి పెట్టె తెరిచి చెబుతున్నాను.

ఇప్పుడు నా ముందు చెకోస్లోవాకియా వంద కొరునాల నోటు ఉంది. దాని మీద తపాలా బిళ్ల కన్నా చిన్న స్టాంపు అంటించి ఉంది, స్లొవాక్ రాజచిహ్నంతో. కాస్త వంకరగా అంటించారు. జిగురు ఒక పక్క పసుపుపచ్చగా బయటికి వచ్చింది. 1993 జనవరి 1న దేశం రెండయింది. కనీసం కొన్ని నెలలపాటు ఒకే కరెన్సీతో నడుద్దామని ఒప్పందం రాసుకున్నారు. ఫిబ్రవరి 8కే విడిపోయింది. అంటే 40 రోజులు కూడా నిలవలేదు. కొత్త నోట్లు అచ్చు వేయించేంత సమయం లేదు కనుక పాత నోట్లకే స్టాంపులు అంటించారు. ఆ స్టాంపులను ముందుగానే రహస్యంగా అచ్చు వేయించి పెట్టుకున్నారు. ఒప్పందం మీద సంతకం చేసిన చేత్తోనే అన్నమాట! స్లొవాక్ డబ్బు విలువ పడిపోతుందన్న అనుమానంతో జనం అప్పటికే సొమ్మును చెక్ బ్యాంకుల్లోకి మళ్లించడం మొదలుపెట్టారు. ఆ వరద ఆగేది కాదు.

ఈ స్టాంపు ఉపాయం కూడా వాళ్ల తాతల నాటిదే. 1919లో ఆస్ట్రియా హంగేరీ సామ్రాజ్యం కూలాక చెకోస్లోవాకియా ఆర్థికమంత్రి అలోయిస్ రాషిన్ సరిహద్దులు మూయించి, మార్చి నెల మొదట్లో వారం రోజుల్లో నోట్లన్నింటికీ స్టాంపులు వేయించాడు. తెచ్చిన నోట్లలో సగం బలవంతపు అప్పుగా ప్రభుత్వమే అట్టిపెట్టుకుంది.

మన రూపాయి కూడా ఒకప్పుడు ఉమ్మడి కరెన్సీయే. గల్ఫ్ దేశాల కోసం రిజర్వు బ్యాంకు 1959లో ప్రత్యేక రూపాయి నోట్లు విడుదల చేసింది. కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో సొంత కరెన్సీ పెట్టుకున్నాయి. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించగానే ఖతార్, దుబాయ్ వంటివి వదిలేశాయి. ఒమన్‌లో 1970 దాకా నడిచింది. ఎవరూ ఎవరినీ గెంటలేదు. మనం విలువ తగ్గించుకున్నాం, వాళ్లు మర్యాదగా లేచి వెళ్లారు.

నిప్పురవ్వ
చూశారా! వెళ్లినవాళ్లు వెళ్లారు, ఎవరి ఆకాశమూ విరిగి పడలేదు. గ్రీసు కూడా 2015లో వెళ్లి ఉంటే విలువ తగ్గిన కొత్త కరెన్సీతో ఎగుమతులు పెరిగేవి, పర్యాటకులు పోటెత్తేవారు. భయపెట్టి ఉంచారు.

తీరం దాటినవాడు
నిప్పురవ్వ గారూ, 2015 జులైలో నేను గ్రీసులోనే ఉన్నాను. మా ఓడ మరమ్మతు కోసం పిరాయస్ రేవులో ఆగింది, నేను రెండో ఇంజనీరును. ఆకాశం విరిగి పడలేదు, నిజమే. నేను చూసింది మాత్రం చెబుతాను.

జూన్ 28 ఆదివారం బ్యాంకులు మూస్తున్నట్టు ప్రకటించారు. మనిషికి రోజుకు 60 యూరోలు. నా కార్డు విదేశీ బ్యాంకుది, దానికి ఆ పరిమితి లేదు. అందుకే వరుసలో నిలబడటానికి సిగ్గేసింది. నా ముందు ఒక పెద్దాయన, చేతిలో మందుల సంచి. ఆయన 60 నొక్కారు, రాలేదు. 20 యూరోల నోట్లు అయిపోయాయి, 50 యూరోలవి మాత్రమే ఉన్నాయి. మళ్లీ 50 నొక్కి ఒక్క నోటు తీసుకుని పక్కకు జరిగారు. అంటే పరిమితి పేరుకు 60, చేతికి అందేది 50. ఆయన కోపంగా కూడా లేరు. నోటును రెండు వేళ్లతో పట్టుకుని వెలుగుకు ఎత్తి చూశారు, ఎందుకో నాకు తెలియదు.

ఏటీఎం కార్డు లేని పింఛనుదారుల కోసం జులై 1 నుంచి కొన్ని శాఖలు తెరిచారు, ఇంటిపేరు మొదటి అక్షరం వరుసలో, మనిషికి 120 యూరోలు. తమ అక్షరం రోజు కాదని తెలియక వచ్చి మెట్ల మీద కూర్చున్నవాళ్లను చూశాను.

మా ఓడకు విడిభాగం ఒకటి విదేశం నుంచి రావాలి. ఇక్కడి ఏజెంటు దగ్గర డబ్బుంది, ఖాతాలో ఉంది, కానీ దేశం దాటి పంపాలంటే కమిటీ అనుమతి కావాలి. మేం పది రోజులు అదనంగా ఆగాం. గుర్తు పెట్టుకోండి, ఇదంతా యూరోలో ఉండగానే. వెళ్లాక ఎలా ఉండేదో మీరే లెక్క కట్టండి.

కొత్తగా_చేరాను
చిన్న ప్రశ్న, నవ్వకండి. వెళ్లిపోతే జేబులో ఉన్న యూరో నోటు ఏమవుతుంది? నోటు మీద దేశం పేరు ఉండదు కదా?

పాత నోట్ల పెట్టె
నవ్వడం ఎందుకు? ఇది మంచి ప్రశ్న. మొదటి వరస యూరో నోట్లలో సీరియల్ నంబరు ముందున్న అక్షరం ఏ దేశపు కేంద్ర బ్యాంకుదో చెబుతుంది. వై అయితే గ్రీసు, ఎక్స్ అయితే జర్మనీ. చట్టం దృష్టిలో రెండూ ఒకటే, ఏ దేశంలోనైనా చెల్లుతాయి. తీరం దాటినవాడు గారు చెప్పిన పెద్దాయన నోటు ఎత్తి చూసింది దొంగనోటేమో అనా, అక్షరం కోసమా అని నాకూ ఆసక్తిగా ఉంది.

జేబులోని నోటు యూరోగానే ఉంటుంది. అందుకే అందరూ జేబులోకే తెచ్చుకోవాలని చూస్తారు. మారేది బ్యాంకు ఖాతాలోని అంకె. ఒక రాత్రిలో చట్టం చేసి ఆ అంకెను కొత్త కరెన్సీగా చదవమంటారు.

వడ్డీ లెక్క
అప్పుల సంగతి కూడా అదే. స్వదేశీ చట్టం కింద రాసిన అప్పును పార్లమెంటు కొత్త కరెన్సీలోకి మార్చగలదు. పరాయి చట్టం కింద రాసినదాన్ని మార్చలేదు. 2012లో గ్రీసు ప్రైవేటు రుణదాతల బాకీ ముఖవిలువలో 53.5 శాతం తెగ్గోసినప్పుడు, బదులుగా ఇచ్చిన కొత్త బాండ్లు ఇంగ్లండ్ చట్టం కింద ఉన్నాయి. అంటే 2015 నాటికి బయటకు వెళితే ఆదాయం పడిపోయిన కరెన్సీలో, బాకీ మాత్రం యూరోల్లో. నిప్పురవ్వ గారు చెప్పే ఎగుమతుల లాభాన్ని ఆ తేడా మింగేయదా?

ఇంకొకటి. యూరో దేశాల కేంద్ర బ్యాంకుల మధ్య చెల్లింపుల లెక్కలో బాకీలు పేరుకుపోతాయి. వెళ్లే దేశం వాటిని పూర్తిగా తీర్చాలని అప్పటి ఈసీబీ అధ్యక్షుడు మారియో ద్రాగీ 2017 జనవరిలో ఇటలీకి చెందిన ఇద్దరు యూరోపియన్ పార్లమెంటు సభ్యులకు లేఖ రాశారు. అప్పటికి ఇటలీ బాకీ 350 బిలియన్ యూరోలకు పైగా ఉంది. 2012 జులైలో యూరో వెనక్కి తిప్పలేనిదని ప్రకటించినదీ ఆయనే. ఆ మనిషే వెళితే బిల్లు ఎంతో రాసి ఇచ్చాడు. నాకు ఆ లేఖ చూసినప్పుడల్లా నవ్వు వస్తుంది.

నిప్పురవ్వ
అంటే తలుపు ఉంది, పక్కన బిల్లు అంటించారు. నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

ఇంకో సంగతి, గ్రీసు విషయంలో గెంటే ప్రయత్నం కాగితం మీదికి కూడా వచ్చింది. 2015 జులై 5న ప్రజాభిప్రాయ సేకరణలో 61.3 శాతం రుణదాతల షరతులను తిరస్కరించారు. ఆ వారం చివర్లోనే జర్మనీ ఆర్థికమంత్రి వోల్ఫ్‌గాంగ్ షాయిబ్లె మంత్రిత్వశాఖ పత్రం బయటపడింది, కనీసం 5 ఏళ్లపాటు యూరో నుంచి "విరామం" అని. పెళ్లి రద్దు కాదట, కొన్నాళ్లు పుట్టింట్లో ఉండి రమ్మనడమట! ఏ అధికరణం కింద, అధికరణం గారూ?

అధికరణం
ఏ అధికరణం కిందా కాదు. అందుకే అందులోని మాట "బహిష్కరణ" కాదు, "విరామం". ఆర్థికమంత్రులు దేశాధినేతలకు పంపిన ముసాయిదాలో అది బ్రాకెట్లలోనే ఉంది, అంటే అందరూ ఒప్పుకోని వాక్యం. దాదాపు 17 గంటలు సాగిన సమావేశం తర్వాత జులై 13 ఉదయం ఒప్పందం కుదిరినప్పుడు ఆ వాక్యం లేదు. అందరి సమ్మతితో ఒప్పందాన్నే సవరిస్తే ఏదైనా చేయవచ్చు. కానీ ఆ "అందరి"లో వెళ్లే దేశమూ ఉంటుంది.

నిప్పురవ్వ
మెడ మీద కత్తి ఉన్నవాడి సమ్మతి గురించి న్యాయ పాఠాలు చెబుతున్నారు. ఈసీబీ తరఫు వకీలులా మాట్లాడకండి.

నిర్వాహకుడు
విషయం మీద మాట్లాడండి, మనుషుల మీద కాదు. నిప్పురవ్వ గారికి ఇది రెండోసారి చెప్పడం.

నిప్పురవ్వ
సరే. ఆ ఒక్క వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. కత్తి మాట ఉంచుతున్నాను.

పాత నోట్ల పెట్టె
నిజంగా గెంటేయడం చూడాలంటే రూబుల్ దగ్గరికి వెళ్లాలి. సోవియట్ యూనియన్ విడిపోయాక 15 దేశాలకూ రూబులే మిగిలింది. నోట్లు అచ్చువేసేది ఒక్క రష్యా. కానీ రూబుళ్లలో అప్పులు సృష్టించేవి అన్ని దేశాల కేంద్ర బ్యాంకులూ. ఒకరి చెంబుతో అందరూ తోడుకోవడమే. ఎస్తోనియా ముందే కళ్లు తెరిచి 1992 జూన్‌లో క్రూన్ పెట్టుకుంది, 8 క్రూన్లకు ఒక జర్మన్ మార్కు లెక్కన.

1993 జులై చివర్లో రష్యా కేంద్ర బ్యాంకు ఉన్నట్టుండి పాత సోవియట్ నోట్లు ఇక తమ దగ్గర చెల్లవంది. కొత్త నోట్లను మిగతా దేశాలకు పంపలేదు. రష్యాలో చెల్లని పాత కట్టలన్నీ ఇంకా చెల్లే దేశాల మీద పడ్డాయి. కజకిస్తాన్ నవంబరు 15న తెంగె తెచ్చుకోక తప్పలేదు. తజికిస్తాన్ 1995 దాకా ఈడ్చింది. బహిష్కరణ తీర్మానం లేదు, ఓటింగు లేదు. మీకు నోట్లు పంపం అన్నారు.

అధికరణం
ఇక్కడ నేను వెనక్కి తగ్గాలి. నా మొదటి పోస్టు యూరోకు మాత్రమే వర్తిస్తుంది, ఆ మాట అప్పుడే రాయవలసింది. అచ్చు యంత్రం ఒక్క దేశం చేతిలో ఉంటే బహిష్కరణకు చట్టమే అక్కరలేదు.

పశ్చిమాఫ్రికా దేశాల ఉమ్మడి కరెన్సీ సీఎఫ్ఏ ఫ్రాంకు చూసినా యూరో ఎంత విచిత్రమైనదో తెలుస్తుంది. అక్కడ రాకపోకలు మామూలే. గినియా 1960లో వెళ్లింది, మళ్లీ రాలేదు. మాలీ 1962లో వెళ్లి 1984లో తిరిగి వచ్చింది. మౌరిటానియా 1973లో వెళ్లింది. కుళాయి కట్టేయడమూ అక్కడ ఉంది. 2011లో ఐవరీ కోస్ట్‌లో ఎన్నికల్లో ఓడినా పదవి వదలని బాగ్బోకు ఉమ్మడి కేంద్ర బ్యాంకు ఖాతాలను అందకుండా చేసింది, ఆయన మనుషులు ఆ బ్యాంకు స్థానిక కార్యాలయాన్ని స్వాధీనం చేసుకున్నారు. 2022 జనవరిలో మాలీ సైనిక ప్రభుత్వపు ఆస్తులను స్తంభింపజేస్తే ఆ దేశం అప్పుల వాయిదాలు ఎగవేయవలసి వచ్చింది. కరెన్సీ సభ్యత్వం మాత్రం పోలేదు.

కొత్తగా_చేరాను
యూరో వాడుతూ సభ్యులు కాని దేశాలు కూడా ఉన్నాయని విన్నాను. వాళ్లను ఆపవచ్చా?

వడ్డీ లెక్క
మోంటెనెగ్రో, కొసోవో. సంతకమే లేనివాళ్లను గెంటేది ఎక్కడి నుంచి? కానీ వాళ్లకు అత్యవసర సహాయమూ లేదు. పనామా డాలరు వాడుతుంది, ఆ దేశానికి సొంత నోట్లు లేవు. 1988లో అమెరికా దాని ఆస్తులను స్తంభింపజేస్తే అక్కడి బ్యాంకులు సుమారు రెండు నెలలు మూతపడ్డాయి. అరువు చెప్పులతో నడిచేవాడి కష్టం అది.

మాధవి గారి మొదటి ప్రశ్నకు తిరిగి వస్తాను. నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా తోచేది బహిష్కరణ ఉందా లేదా అన్నది కాదు. వెళ్లాలా వద్దా అని ఒక దేశం బహిరంగంగా చర్చించుకోలేకపోవడం. పార్లమెంటులో ఆ మాట ఎత్తిన రోజే డిపాజిట్లు బయటికి పారతాయి. అందుకే స్టాంపులు రహస్యంగా అచ్చు వేయించారు. అందుకే 2015లో గ్రీసు ఆర్థికమంత్రిగా ఉన్న యానిస్ వరూఫాకిస్ పన్ను ఖాతాల ద్వారా నడిచే సమాంతర చెల్లింపుల ఏర్పాటును గుట్టుగా తయారు చేయించానని రాజీనామా చేశాక గానీ బయటపెట్టలేదు. ప్రజల్ని అడగవలసినంత పెద్ద నిర్ణయం ఇది. అడిగితే నిర్ణయం మన చేతిలో ఉండదు. దీనికి పరిష్కారం నాకు కనిపించలేదు.

నిప్పురవ్వ
మొదటిసారి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. తేదీ రాసి పెట్టుకోండి.

బావగారు
నమస్కారం. మాధవి ఈ చర్చ నాకు చూపించకుండా దాచింది, పిల్లలు చూపించారు. నా క్లబ్బు పోలిక తప్పని ఒప్పుకోను. చందా కట్టని సభ్యుడి పేరు రిజిస్టరులో ఉంచి లోపల కరెంటు, నీళ్లు ఆపేస్తే అది తీసేయడం కాదా?

అధికరణం
కాదు సార్. పేరు రిజిస్టరులో ఉంటే ఓటు ఉంటుంది. 2015 జులైలో కూడా గ్రీసు కేంద్ర బ్యాంకు గవర్నరు ఈసీబీ పాలకమండలిలో సభ్యుడే.

బావగారు
తన కుళాయి కట్టేసే సమావేశంలో తానూ సభ్యుడేనన్నమాట. సరే, మాధవికి సగం మార్కులు.

మాధవి_ఎ
సగమా! ఒప్పందంలో ఏముందని అడిగాను, ఒప్పందంలో లేదని తేలింది. నాకు పూర్తి మార్కులు. మిగతాది భోజనం దగ్గర.